టూరిన్‌లో పుట్టి కుర్లాలో పెరిగిన కారు

బొంబాయిలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో 'ఫియట్' అంటే కంపెనీ పేరు కాదు, కారు పేరు. 1974 నుంచి ఆ కారుమీద ఉన్న పేరు 'ప్రీమియర్ పద్మిని'. అయినా మా వీథిలో దాన్ని పద్మిని అని పిలిచినవాళ్ళు తక్కువ. ఊరికి బయలుదేరే రోజున "ఫియట్ దొరికిందా?" అని అడిగేవారే తప్ప, పద్మిని దొరికిందా అని ఎవరూ అడగలేదు. జనం నోట పాత పేరే నిలిచిందంటే దానికి కారణం ఉంది. పేరు మారింది గానీ కారు మారలేదు. ఈ కారు చరిత్ర అంటే చాలావరకు ఆ మారకపోవడపు చరిత్రే.

కథ ఇటలీలోని టూరిన్ నగరంలో మొదలవుతుంది. 1953లో జెనీవా ప్రదర్శనలో ఫియట్ కంపెనీ '1100-103' అనే చిన్న కారును లోకానికి చూపింది. ఇటలీవాళ్ళు దాన్ని ముద్దుగా 'మిల్లెచెంతో' అన్నారు. మిల్లెచెంతో అంటే వాళ్ళ భాషలో పదకొండు వందలు. దాని వెనక ఉన్న ఇంజనీరు దాంతే జకోజా. నాలుగు తలుపులు, 1089 సీసీ ఇంజను. కింద వేరే ఛాసిస్ లేకుండా ఒళ్ళంతా ఒకే కట్టుగా ఉండే నిర్మాణం. యుద్ధంలో చితికిపోయి లేస్తున్న దేశంలో మధ్యతరగతి కుటుంబానికి సరిపడే బండి అది. ముందు తలుపులు మాత్రం వెనకవైపు బందులతో, ఎదురుగా తెరుచుకునేవి.

ఇక బొంబాయి సంగతి. మన దేశంలో మోటారు కార్ల కర్మాగారం పెట్టాలని 1930లలోనే పథకం వేసి తిరిగినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి మైసూరు సీమకు వలసవెళ్ళిన తెలుగు కుటుంబం ఆయనది. ఆంగ్ల ప్రభుత్వం ఆ పథకానికి సహకరించలేదు. ఆ కలను చేతికెత్తుకున్న వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్. బెంగుళూరులో విమానాల కర్మాగారానికీ, 1941లో శంకుస్థాపన జరిగిన విశాఖపట్నం ఓడల కర్మాగారానికీ మూలపురుషుడు ఆయనే. విశాఖలో ఈనాటికీ వినిపించే 'సింధియా' అన్న పేరు ఆయన ఓడల కంపెనీదే. 1944లో ఆయన స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి శివారు కుర్లాలో అమెరికా క్రైస్లర్ కంపెనీ బండ్లను బిగించడంతో మొదలై, 1950ల మొదట్లో ఫియట్‌తో చేయి కలిపింది.

అప్పుడే దేశంలో ఒక పెద్ద నిర్ణయం జరిగింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకుంటే చాలదు, క్రమంగా అన్నీ ఇక్కడే తయారుచేయాలి, లేకపోతే మూసుకోవాలి అని ప్రభుత్వం 1953లో తేల్చి చెప్పింది. బొంబాయిలోనే శివడీలో 1928 నుంచి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ 1954లో తలుపులు మూసుకుంది. అదే ఏడు కుర్లా నుంచి ఫియట్ 1100 బయటికి వచ్చింది. గుండ్రటి వీపూ బొద్దు ఒళ్ళూ చూసి బొంబాయి జనం దానికి 'డుక్కర్ ఫియట్' అని పేరు పెట్టారు. మరాఠీలో డుక్కర్ అంటే పంది. తిట్టులా వినబడ్డా అది ముద్దుపేరే.

ఇక్కడి నుంచి ఒకే కారు రెండు దారుల్లో నడిచింది. ఇటలీలో రెండుమూడేళ్ళకోసారి మార్పు వచ్చింది. ఇంజను బలం పెరిగింది, తలుపులు సరైన దిక్కుకు తిరిగాయి, వెనక చిన్న రెక్కలు మొలిచాయి. 1962లో వచ్చిన '1100 డి'కి 1221 సీసీ ఇంజను పెట్టారు. 1966లో '1100 ఆర్' వచ్చింది. 1969లో దాన్నీ ఆపేసి, ముందు చక్రాలతో లాగే ఫియట్ 128ని తెచ్చారు. 16 ఏళ్ళలో ఒక వంశం పూర్తయింది.

కుర్లాలోనూ మార్పులు వచ్చాయి. 1958లో 'ఎలిగెంట్', తర్వాత 'సెలెక్ట్', 'సూపర్ సెలెక్ట్', 1964లో 1100 డి రూపంతో 'డిలైట్'. రూపం మాత్రం 'డి'ది. ఇంజను పాత 1089 సీసీదే. అసలు ఇక్కడ తరం మారడమంటే అర్థం వేరు. పైకి కనిపించే అందం కన్నా, లోపల ఇటలీ భాగం పోయి దేశీ భాగం రావడమే ఇక్కడి ప్రగతి. విదేశీ మారకద్రవ్యం లేని కాలంలో అది చిన్న పని కాదు. ఆ కారుతోపాటు విడిభాగాలు చేసే పరిశ్రమా పెరిగింది. దాన్ని తక్కువచేసి చూడకూడదు.

కారు అందరికీ అందిందా అంటే లేదు. 1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఇంటికి ఒక ఫియట్ కొనాలనుకుంటే ధర 12 వేలు. చేతిలో ఉన్నది 7 వేలు. మిగతా 5 వేలకు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. 1966 జనవరిలో ఆయన తాష్కెంటులో కన్నుమూస్తే, మిగిలిన అప్పును లలితా శాస్త్రి తన పింఛనులోంచి తీర్చారు. డబ్బున్నవాడికైనా కారు వెంటనే దొరికేది కాదు. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. 1969లో ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తే ఆ తగాదా సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవడం మామూలైంది.

1970ల మొదట్లో ఫియట్ పేరు వాడుకునే గడువు తీరింది. కారు కొద్దికాలం 'ప్రీమియర్ ప్రెసిడెంట్' అనిపించుకుని, 1974లో 'పద్మిని' అయింది. చిత్తోడ్ రాణి పేరు పెట్టారని చెబుతారు. కారు పూర్తిగా మనదైన క్షణం అది. విచిత్రమేమిటంటే, సరిగ్గా అక్కడే దాని ఎదుగుదల ఆగింది. పేరు మనదయింది, మార్పు ఆగింది. 1985లో అదే కంపెనీ '118 ఎన్ఈ' తెచ్చినా పద్మిని ఆ రెక్కలతో, స్టీరింగు పక్కన గేరు కర్రతో అలాగే సాగింది. కొనేవాడు క్యూలో నిలబడి ఉంటే అమ్మేవాడికి మార్చాల్సిన పని ఏముంది? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకగానీ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. తర్వాత డీజిలు ఇంజను పెట్టారు, గేరు కర్రను నేలమీదికి దించారు. అప్పటికే ఆలస్యమైంది. 2000-01 నాటికి పద్మిని తయారీ ఆగిపోయింది.

అయితే ఫ్యాక్టరీ చరిత్రలో కనిపించని లాభం ఒకటి వీథిలో జరిగింది. ముప్పై అయిదేళ్ళు ఒకే బండి నడిస్తే దాని గుట్టంతా జనానికి తెలిసిపోతుంది. శబ్దం విని జబ్బు చెప్పగల మెకానిక్కులు సందుసందునా తయారయ్యారు. 1964 బండి భాగం 1990 బండికి సరిపోతుందో లేదో కుర్లా పాత సామాన్ల దుకాణాల కుర్రవాడు చూడకుండా చెప్పేవాడు. నలుపు-పసుపు రంగు వేసుకుని, నెత్తిన సామాన్ల క్యారియరు, బయట మీటరు పెట్టుకుని పద్మిని బొంబాయి టాక్సీ అయింది. వేల కుటుంబాలు దానిమీద బతికాయి. ఈ శతాబ్దం మొదట్లో హైకోర్టు ఆదేశాలు వస్తే అదే బండి డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు మోసింది. కొనుగోలుదారుకు శిక్ష అయిన మారకపోవడం, మెకానిక్కుకూ డ్రైవరుకూ ఆస్తి అయింది.

చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న తాడ్‌దేవ్ రవాణా కార్యాలయంలో రిజిస్టరయింది. ముంబయిలో టాక్సీకి 20 ఏళ్ళే ఆయుష్షు కాబట్టి 2023 అక్టోబరు చివర అది వీథి వదిలింది. పత్రికలన్నీ దాన్ని పద్మిని అనే రాశాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం పేపరు మడిచి, "ఫియట్లు పోయాయన్నమాట" అన్నారు.