తలుపు వెనక 14.4 మిల్లీమీటర్లు

రాత్రి పదిన్నర. ఫ్యాను ఆపేశాను, లేకపోతే చిన్న ముక్కలు ఎగిరిపోతాయి. టేబుల్ లైటు కింద రంగు వేయని ప్లాస్టిక్ బండి. హసెగావా వాళ్ల సుజుకీ జిమ్నీ జెఎ11 కిట్టు, అసలు బండిలో ఇరవైనాలుగో వంతు. నాకు కావలసింది మాత్రం జిప్సీ. మారుతీ 1985లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తయారుచేసిన, మన పోలీసులూ సైన్యమూ ఏళ్ల తరబడి తిరిగిన జిప్సీ. దాని కిట్టు ఎంత వెతికినా నాకు దొరకలేదు. అందుకే ఈ కోత.

రెండూ ఒక ఇంటి పిల్లలే. రెండింటికీ కుడివైపే స్టీరింగు, నిచ్చెనలాంటి ఛాసిస్, ముందూ వెనకా కమాన్ కట్టలు. పెద్ద తేడా పొడవులో. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య జిమ్నీకి 2030 మిల్లీమీటర్లు, జిప్సీకి 2375. ఆ 345ని 24తో భాగిస్తే 14.4. చిటికెన వేలు వెడల్పంత. అదంతా తలుపు వెనక, వెనక చక్రానికి ముందు చేరాలి.

పొద్దున విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ ఛాసిస్‌లు కోసి పొడుగు చేసే ఒక షెడ్డులో పాత జిప్సీ ఉంటే, టేపు పట్టుకుని దాని చుట్టూ తిరిగాను.

“ఏంటండీ, కొంటారా?” అన్నాడు మేస్త్రి.

“లేదు మేస్త్రీ గారూ, బొమ్మ చేస్తున్నా” అని ఫోనులో ఫొటో చూపించాను. నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు.

“రెండు పక్కలా ఒకే గీతలో కోయకండి. బరువు పడితే అక్కడే విరుగుద్ది. ఓ పక్క ముందుకి, ఓ పక్క వెనక్కి జరపండి. అతుకు లోపల ప్లేటు వేయండి.” ఫోను తిరిగిస్తూ, “ఛాసిస్ పెంచి షాఫ్టు వదిలేసేరు. అదీ పెరగాలి” అన్నాడు.

నిజంగానే మరిచిపోయాను. వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు, సైలెన్సర్ గొట్టం, రెండూ పెరగాలి.

ఇప్పుడు ఛాసిస్ నా చేతిలో ఉంది. టేపు అంటించి, దాని అంచున సూదితో గాడి గీశాను. గాడి లేకపోతే మొదటి లాగుడికే రంపం జారిపోతుంది. నొక్కకూడదు. సర్... సర్... తెల్లటి పొట్టు గోళ్ల సందుల్లో చేరుతోంది. చెయ్యి వేగం పెరిగితే రాపిడికి ప్లాస్టిక్ కరిగి రంపం పళ్లకు పట్టేస్తుంది. ఆగడం, తుడవడం, మళ్లీ లాగడం. చివరి అర మిల్లీమీటరు దగ్గర ఊపిరి బిగబట్టాను. టక్.

రంపం తిన్నది కూడా లెక్కలోకి రావాలి. నా రంపం కోతకు 0.3 మిల్లీమీటర్లు పోతుంది. అందుకని మధ్యలో అతికే ముక్క 14.7 కోశాను. కుడి కోత ముందుకు, ఎడమ కోత వెనక్కి, మేస్త్రి చెప్పినట్టే. లోపలివైపు సన్నటి స్టైరీన్ పట్టీలు.

గ్రాఫు కాగితం మీద అద్దం పెట్టి, గళ్లకు సరిచూసి ముక్కల్ని పేర్చాను. జిగురు నీళ్లంత పలుచన. కుంచె మొన తాకితే చాలు, సందులోకి తనే పాకిపోతుంది. ఫెవికాల్‌లా ఇది మధ్యలో ఉండిపోయే జిగురు కాదు. రెండు అంచుల్నీ కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేసి, తను ఆరిపోతుంది. చేసే పని వెల్డింగే. అందుకే ఆటోనగర్ మాట ఈ బల్ల మీదా చెల్లింది.

బాడీకీ ఇదే కోత పడాలి. రేకు పైకప్పు తీసేసి, టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి గుడ్డ టాపు వేయాలి. వైర్‌లెస్ యాంటెన్నాకు ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు పట్టి, మెత్తబడగానే వెంట్రుకలా సాగదీస్తే సరి. అవన్నీ వచ్చే వారాలవి.

తెల్లవారి ఆరున్నర. టీ కూడా తాగకుండా చక్రాలు తొడిగి బండిని అద్దం మీద పెట్టాను. ఛాసిస్ మెలి తిరిగి ఉంటే ఏదో ఒక టైరు గాల్లో ఉంటుంది. సిగరెట్ కాగితమంత పల్చటి చీటీని ముందు కుడి టైరు కిందికి తోశాను. వెళ్లలేదు. ముందు ఎడమ, వెళ్లలేదు. వెనక కుడి, అదీ అంతే. నాలుగోదాని దగ్గర వంగి, కన్ను అద్దానికి ఆనించి, చీటీని మెల్లగా తోశాను. టైరుకు తగిలి మడతపడింది.