పాట వెనుక నిలిచిన గిటార్: జేమ్స్ బర్టన్ వృత్తి జీవితం

రాక్ సంగీత చరిత్రను మనం ఎక్కువగా గాయకుల పేర్ల మీదుగానే చదువుతాం. రికార్డు అట్ట మీద ఎవరి పేరుంటే పాట వారిదవుతుంది. ఆ పాటను చెవిలో నిలబెట్టిన వాద్యకారుడు చాలాసార్లు లెక్కలోకి రాడు. అమెరికన్ గిటారిస్టు జేమ్స్ బర్టన్ చేసిన పనిని దగ్గరగా పరిశీలిస్తే, మంచి పక్కవాద్యకారుడు పాటకు సహరచయిత అని ఒప్పుకోక తప్పదు.

1939లో లూసియానా రాష్ట్రంలోని డబర్లీలో పుట్టిన బర్టన్ ష్రీవ్‌పోర్ట్‌లో పెరిగారు. పద్నాలుగేళ్లకే ‘లూసియానా హేరైడ్’ రేడియో కార్యక్రమ బృందంలో చేరారు. అక్కడికి వచ్చే గాయకులు మారుతూ ఉండేవారు. ఎవరి శ్రుతి ఏమిటో, ఎవరి నడక ఎలా ఉంటుందో అక్కడికక్కడే పట్టుకుని వాయించాలి. ఆయన చదివిన అసలు బడి అదే.

1957లో డేల్ హాకిన్స్ పాట ‘సూజీ క్యూ’ ష్రీవ్‌పోర్ట్‌లోని కేడబ్ల్యూకేహెచ్ రేడియో కేంద్రంలో రికార్డయింది. పాటంతా నడిపించే రిఫ్, అంటే పదే పదే వచ్చే గిటార్ ముక్క, బర్టన్ కల్పనే. రచయితలుగా మాత్రం హాకిన్స్‌తో పాటు రికార్డుల దుకాణదారు స్టాన్ లూయిస్, ఒక రేడియో వ్యాఖ్యాత భార్య ఎలినార్ బ్రాడ్‌వాటర్ పేర్లు నమోదయ్యాయి. రికార్డును జనంలోకి తీసుకెళ్లగలిగిన వారికి రచనలో వాటా ఇవ్వడం ఆనాటి వ్యాపార రివాజు. 1968లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం ఆ పాటను మళ్లీ పాడినప్పుడూ దాని వెన్నెముక ఆ రిఫే. దాన్ని తీసేస్తే పాటలో మిగిలేది చాలా తక్కువ. అలాంటి కల్పనకు రచనా హక్కుల్లో చోటు దక్కకపోవడం అన్యాయం.

తరువాత లాస్ ఏంజెలెస్‌లో గాయకుడు రికీ నెల్సన్ బృందంలో చేరారు. 1957 నాటి ‘స్టుడ్ అప్’లో బర్టన్ వాయించింది రిథమ్ గిటార్ మాత్రమే, లీడ్ జో మాఫిస్‌ది. మరుసటి ఏడాది ‘బిలీవ్ వాట్ యూ సే’లో లీడ్ ఆయన చేతికి వచ్చింది. అప్పటికే ఆయన పైస్థాయి గిటార్ తీగల స్థానంలో సన్నని బాంజో తీగలు బిగించుకున్నారు. అవి వేలి కింద తేలిగ్గా వంగుతాయి, స్వరం గొంతులా జారుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక పిక్, మధ్యవేలికి తొడిగిన మరో పిక్. ఈ రెండింటితో తీగలను మీటి, వెంటనే అణచివేస్తే తెగి తెగి పలికే నాదం పుడుతుంది. గిటారిస్టులు దాన్ని ‘చికెన్ పికింగ్’ అంటారు. 1961లో వచ్చిన ‘హలో మేరీ లూ’ సోలో కొన్ని సెకన్లలోనే ముగుస్తుంది. అయినా ఆ పాట ఎత్తుకోగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ ముక్కే.

1969లో ఎల్విస్ ప్రెస్లీ మళ్లీ వేదిక ఎక్కదలచుకుని, బృందాన్ని కూర్చే పని బర్టన్‌కు అప్పగించారు. ఆ ఏడాది జులై 31న లాస్ వేగాస్‌లోని ఇంటర్నేషనల్ హోటల్‌లో కచేరీలు మొదలయ్యాయి. 1977లో ఎల్విస్ మరణించేదాకా లీడ్ గిటార్ బర్టన్‌దే. ఆ వేదిక మీద గాయక బృందాలు, పెద్ద ఆర్కెస్ట్రా ఉండేవి. అంత ధ్వనిలో గిటార్‌కు దొరికేది పాదానికీ పాదానికీ మధ్య సందు మాత్రమే. ఎల్విస్ పేరు పెట్టి పిలిస్తే బర్టన్ సోలో అందుకునేవారు, అది కాగానే గిటార్ మళ్లీ గొంతు కిందికి వెళ్లేది. ఎక్కడ ఆగాలో ఇంత కచ్చితంగా తెలిసిన గిటారిస్టులు అరుదు.

అదే కాలంలో గ్రామ్ పార్సన్స్ ‘జీపీ’ (1973) ఆల్బమ్‌లోనూ, ఎమిలూ హారిస్ హాట్ బ్యాండ్‌లోనూ ఆయన వాయించారు. ఎల్విస్ కచేరీల కోసం హాట్ బ్యాండ్‌ను వదులుకోవలసి వస్తే, ఆ స్థానంలోకి ఆల్బర్ట్ లీ వచ్చారు. తరువాత బర్టన్ గాయకుడు జాన్ డెన్వర్‌తో చాలా ఏళ్లు పనిచేశారు. 1986లో ఎల్విస్ కాస్టెల్లో ‘కింగ్ ఆఫ్ అమెరికా’ ఆల్బమ్ కోసం ఆయనను పిలిపించుకున్నారు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో ఎల్విస్ ప్రెస్లీని, 1987లో నెల్సన్‌ను చేర్చుకుంది. పక్కవాద్యకారుల కోసం విడిగా విభాగం ఏర్పడింది 2000లో. ఆ మరుసటి ఏడాది బర్టన్ పేరు అందులో చేరింది. సభకు ఆయనను పరిచయం చేసింది రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్.