పేరులేని పద్దులు: వీరస్మరణ దినమును గూర్చి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమైన వ్యాసమొకటి వ్రాయుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన గ్రామ పూర్వచరిత్రమునే వ్రాయవలెనని మొదట తలచితిని. కాని చాలకాలముగా నా మనస్సున మెదలుచున్న సంగతి వేరొకటి యున్నది. అది మన ఊరికి ఏమాత్రము సంబంధము లేనిదిగా మొదట కనిపించును. పాఠకులు కొంచె మోపిక పట్టినచో తుదకది మన వాకిటికే వచ్చి చేరగలదు.

1918వ సంవత్సరము నవంబరు 11వ తేదీ ఉదయము 11 గంటలకు పడమటి యూరపులో ఫిరంగులు నిలిచినవి. నాలుగేండ్లకు మించి సాగిన మొదటి ప్రపంచయుద్ధమున ఆ గంటకు కాల్పులు ఆగినవి. మరుసటి యేడు అదే దినమున, అదే గంటకు, తన సామ్రాజ్యమందలి ప్రజలందరును పనులు మాని రెండు నిమిషములు మౌనము వహించి మృతవీరులను స్మరింపవలెనని ఐదవ జార్జి చక్రవర్తి కోరెను. 1920లో ఆ దినముననే లండనులో లట్యెన్సు అను శిల్పి రూపించిన రాతి కట్టడమును ఆవిష్కరించిరి. దానికి పెట్టిన పేరునకు గ్రీకు భాషలో శూన్యసమాధి యని అర్థము. ఎవరో తెలియని సైనికుని యొక్కని శరీరమును ఫ్రాన్సు దేశమునుండి తెచ్చి, రాజులను పూడ్చు వెస్ట్‌మినిస్టరు దేవాలయమున ఆనాడే పూడ్చిపెట్టిరి. నాటినుండి అది ఆ దేశమువారికి ఏటేటి వీరస్మరణ దినమైనది.

ఆ రెండు నిమిషములలో మనుష్యుడు దేనిని స్మరించును? కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ఈ సందేహము లేదు. తక్కినవారి మాట యేమి? మనమెన్నడు చూడనివానిని, ఏడు సముద్రముల కావల మరణించినవానిని తలచుకొనవలెనన్న వాని పేరైనను తెలియవలెను గదా! లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక నా బుద్ధి ఇట్టి ప్రశ్నల చుట్టే తిరుగుచుండును. పేరు వ్రాయని పద్దు ఎవరిదియు కాదు.

ఈ సంగతి ఆ దేశమువారును గ్రహింపకపోలేదు. అంతకు పూర్వము సామాన్యభటుల శవములను తరచుగా గోతులలో కలిపి పూడ్చుచుండిరి. రాతిపై పేరు చెక్కించుకొను గౌరవము సేనాపతులకే దక్కుచుండెను. ఈ యుద్ధమున ఫేబియన్ వేర్ అను నతడు పూనికతో పనిచేయగా, 1917లో సామ్రాజ్య యుద్ధసమాధుల కమిషన్ ఏర్పడెను. మృతులలో ప్రతివాని పేరును సమాధిపై చెక్కవలెననియు, సమాధి దొరకనిచో స్మారకపు గోడపై చెక్కవలెననియు, హోదా జాతి మతములు పాటింపక అందరిని సమానముగా చూడవలెననియు వారు నియమము చేసికొనిరి. ఆ కమిషన్ వారికి శాసనవాక్యములు కూర్చి యిచ్చినవాడు రడ్యార్డు కిప్లింగు. ఆయన యేకైక కుమారుడు 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధమున కనబడకుండ పోయెను. ఆ తండ్రి జీవించియున్నన్నాళ్లు కొడుకు శవము దొరకలేదు. శ్మశానవాటికలలో నిలుపు పెద్దరాతికి, వీరి పేరు ఎల్లకాలము జీవించునను భావముగల ప్రాచీన వాక్యమును ఆయనయే యెంచి యిచ్చెను. వీరి పేరు అన్న ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాను.

మన పెద్దల మర్యాద యెట్టిదో కూడ ఇచ్చట చూడవలెను. సంస్కృత భారతమున స్త్రీపర్వమందు, యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు ధర్మరాజును చచ్చినవారి లెక్క అడుగును. ధర్మరాజు నూట అరువదియారు కోట్ల ఇరువది వేలమంది యని చెప్పి, కనబడకుండ పోయినవారు 24,165 మంది యని వేరుగా చెప్పును. మొదటి అంకె పదునెనిమిది అక్షౌహిణుల లెక్కతో బొత్తిగా పొసగదు. అక్షౌహిణికి రథములు, ఏనుగులు, గుర్రములు, కాల్బలము కలిపి 2,18,700 గనుక, పదునెనిమిదింటికి 39,36,600 మాత్రమే యగును. రథమునకు గుర్రములను, సారథులను, రక్షకులను ఎంత కలిపినను ఆ పద్దు తేలదు. అది కవిసమయమనుకొందము. నన్ను ఆశ్చర్యపరచునది రెండవ అంకె. కోట్లు లెక్కించుచున్నవాడు కనబడని ఇరువది నాలుగు వేలవద్ద నిలిచి, ఒంట్ల స్థానమువరకు వచ్చి, తుది అయిదుగురిని సయితము విడువలేదు!

అంతటితో ఆగలేదు. నా యన్నవారు లేని మృతుల గతి యేమని ధృతరాష్ట్రుడడుగగా, ధర్మరాజు విదురుని, సంజయుని, ధౌమ్యుని, ఇంద్రసేనుడు మొదలగు వారిని పిలిచి, అనాథయై యొక్క శరీరమును చెడరాదని ఆజ్ఞాపించెను. నానాదేశములనుండి వచ్చి మడిసినవారిని విదురుడు దహనము చేయించెను. పిమ్మట గంగయొడ్డున తిలోదకము లిచ్చుచుండగా కుంతి నోరు విప్పి, కర్ణునకును నీళ్లు విడువుడు, అతడు మీకు అగ్రజుడని చెప్పెను. తర్పణమునకు పేరు, గోత్రము కావలెను. బ్రదికియున్నన్నాళ్లు సూతపుత్రుడనిపించుకొన్నవానికి తన నిజమైన కులము పేరు ఆ జలముతోడనే దక్కినది. సంతతిలేని భీష్మునకు మాఘ శుద్ధ అష్టమినాడు వైయాఘ్రపద్య గోత్రము చెప్పి నేటికిని జలము విడుచుచున్నారు. స్మరణదినమన్నది మనకు క్రొత్తది కాదు.

మన పల్నాటిసీమలో కారెంపూడియందు కార్తీకమాసాంతమున జరుగు వీరారాధనయు నిట్టిదే. పండ్రెండవ శతాబ్దమున అన్నదమ్ముల పోరులో మడిసినవారిని అయిదు దినములు కొలుతురు. వీరాచారవంతులు తమ తమ ఊళ్లనుండి వీరుల ఆయుధములను మోసికొని వత్తురు. ఏ యాయుధము ఏ వీరునిదో పేరు పెట్టి చెప్పుదురు.

ఇక మొదటి ప్రపంచయుద్ధమున పనిచేసిన మనవారి సంగతి. ఆనాడు పదిలక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటిరి. వారిలో 74,000కు పైగా మరణించిరి. ఫ్రాన్సులో న్యూవ్ షపెల్ అను గ్రామమువద్ద 1915 మార్చి 10న భారతసేనలు ఘోరయుద్ధము చేసినవి. అచ్చట 1927 అక్టోబరు 7న ఒక స్మారకమును ఆవిష్కరించిరి. సమాధి తెలియని భారతీయులు 4,700 మందికి పైగా పేర్లు దానిపై చెక్కబడియున్నవి. సిపాయి పేరు, సుబేదారు పేరు ఒకే గోడపైనున్నవి. ఇంతవరకు నియమము చెల్లినది.

కాని మనవారు ఎక్కువగా పోయినది ఫ్రాన్సుకు కాదు, మెసపొటేమియాకు. అనగా నేటి ఇరాకునకు. 1914 నవంబరులో భారతసేన అచ్చట దిగి ఆ నెలలోనే బస్రా పట్టణమును పట్టుకొన్నది. మరుసటి యేడు కూత్ అను ఊర తురుష్కసేనలు దానిని ముట్టడించినవి. 1915 డిసెంబరు 7 మొదలు 1916 ఏప్రిలు 29 వరకు ముట్టడి సాగినది. తిండి కరవై గుర్రములను కోసి తినవలసివచ్చెను. ఆ మాంసము ముట్టనొల్లక మనవారిలో అనేకులు నెలలకొలది మాడిరి. తుదకు లోబడినవారిలో బందీలుగా ఎడారులవెంట నడిపింపబడి రాలిపోయినవారు వేలకొలది. ఆ దేశమున పనిచేసిన పటాలములలో మద్రాసు శాపర్లు కలరు. వంతెనలు కట్టుట, బాటలు వేయుట వారి పని. ఆ పటాలమున తెలుగువారును తమిళులును పక్కపక్కన నిలిచిరి. వీరుగాక నీళ్లు మోయువారు, కంచరగాడిదలను తోలువారు, వంటవారు, కూలిదండులవారు ఎందరో.

అచ్చట మృతులైనవారిలో సమాధి తెలియనివారికై బస్రాకు ఎగువ షత్-అల్-అరబ్ నదియొడ్డున ఒక గొప్ప స్మారకమును కట్టి 1929 మార్చి 27న ఆవిష్కరించిరి. అది 40,500 మందికి పైగా మృతుల జ్ఞాపకార్థమైనది. దాని గోడలపై తెల్ల సైనికుల పేర్లున్నవి, అధికారుల పేర్లున్నవి. భారతీయులలో సామాన్య సిపాయిల కడకు వచ్చుసరికి పటాలము పేరు వ్రాసి, దానిక్రింద ఇంతమంది యని అంకె వేసి ఊరకుండిరి. వీరి పేరు జీవించునని రాతిపై వ్రాయించినవారే, ఆ పేరు వ్రాయవలసినచోట మొత్తము కట్టి పద్దు మూసిరి. ఫ్రాన్సులో చచ్చిన సిపాయికి పేరున్నది, ఇరాకులో చచ్చిన అతని తోబుట్టువునకు లేదు. ఫ్రాన్సులోని గోడను చూడవచ్చువారు ఎందరో, బస్రా గోడను చూడబోవువారు ఎవరు? నాకు తోచిన కారణమిదియే.

ఇట్టి లెక్క ఒక్క బస్రాలోనే కాదు. ఆ యుద్ధానంతరము పంజాబు మొదలు మద్రాసు వరకు అనేక గ్రామములలో ప్రభుత్వమువారు పాలరాతి పలకలు పెట్టించిరి. ఈ గ్రామమునుండి మహాయుద్ధమునకు ఇంతమంది పోయిరి, అందు ఇంతమంది ప్రాణములు విడిచిరి అని వానిపై నుండును. ఎవరు పోయిరో ఉండదు! పరదేశమునందు లెక్క తెలియలేదందురు. సొంత ఊరిలోనే నాటిన పలకమీద పేరు వ్రాయుటకు ఏమి అడ్డము? చావడిలో కూర్చుండి అరగంట విచారించినచో ఏ గ్రామోద్యోగియైనను పట్టిక వ్రాసి యిచ్చియుండును.

ఈ పని చేసినవారు చెప్పికొన్న సమాధానములు గమనింపదగినవి. పేర్ల పట్టికలు సరిగా లేవనుట ఒకటి. ఇట్టి ప్రజలకు రాతిమీది పేరు విలువ తెలియదనుట మరియొకటి. ఆఫ్రికావారిని గూర్చి 1923లో ఒక గవర్నరు ఈ రెండవ మాటను బాహాటముగనే పలికెను. కర్ణునకు నీళ్లు విడువుమన్న కుంతి కథ పిల్లలకు సయితము తెలిసిన దేశముపట్ల ఈ తర్కము నడచెనన్న నవ్వు రాదు, ఏడ్పును రాదు.

సత్యమునకు రావలసిన గౌరవము ఆలస్యముగానైనను వచ్చినది. ఆ సంస్థకు ఇప్పుడు కామన్వెల్తు యుద్ధసమాధుల కమిషన్ అని పేరు. వారు తమ పూర్వపు నడవడిని పరిశీలింపజేసి 2021 ఏప్రిలులో నివేదికను తామే ప్రకటించిరి. ఆసియా, ఆఫ్రికా ఖండములవారు మొదలగు 45,000 మొదలు 54,000 మంది మృతులు ఇతరులతో సమానముగా స్మరింపబడలేదనియు, మరి కనీసము 1,16,000 మందికి పేరుతో స్మారకమే లేదనియు, ఈ సంఖ్య 3,50,000 వరకు ఉండవచ్చుననియు అందు ఒప్పుకొనిరి. బ్రిటిషు ప్రభుత్వపక్షమున రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. అంతకుముందే ఇరాకునందలి మృతులందరి పేర్లను రెండు సంపుటములుగా కూర్చి తమ కార్యాలయమున ఉంచిరి. పట్టికలు లేవన్న మాట ఎంతవరకు నిలుచునో దీనిచేతనే తెలియుచున్నది. బస్రా స్మారకమును 1997లో సద్దాం హుస్సేను ఆజ్ఞచే విప్పి, నాసిరియా పోవు మార్గమున 32 కిలోమీటర్ల దూరమున ఎడారిలో తిరిగి కట్టిరి. ఊరి లెక్కలో లేనివారు ఊరి బయటికి కూడ పోయిరి.

ఢిల్లీలోని ఇండియా గేటు లట్యెన్సు నిర్మాణమే. దానికి 1921 ఫిబ్రవరి 10న శంకుస్థాపనము, 1931 ఫిబ్రవరి 12న ప్రారంభము జరిగినవి. అది యుద్ధమృతులైన భారతీయులందరి జ్ఞాపకార్థమని చెప్పుదురు గాని, దానిపైనున్న 13,000కు పైగా పేర్లు ముఖ్యముగా వాయవ్య సరిహద్దున, 1919 నాటి అఫ్గానుయుద్ధమున మృతులైనవారివి. 1972 జనవరి 26న దానిక్రింద అమరజవాన్ జ్యోతి వెలిగింపబడినది. 2019 ఫిబ్రవరి 25న దాని చేరువనే జాతీయ యుద్ధస్మారకమును ప్రారంభించి, 2022 జనవరి 21న ఆ జ్యోతిని ఇచ్చటి జ్యోతిలో కలిపిరి. స్వాతంత్ర్యానంతరము ప్రాణములర్పించినవారి పేర్లు 25,000కు మించి అచ్చట గ్రానైటు పలకలపై బంగారు రంగు అక్షరములతో నున్నవి. సిపాయియని, కర్నలని భేదము లేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మడిసిన మన సూర్యాపేట బిడ్డడు కర్నల్ సంతోష్ బాబు పేరు, ఆయనతో పడిన సామాన్య జవానుల పేర్లు అక్కడ చేరినవి. ఈ లెక్క సరిగా వ్రాసిన లెక్క.

ఇక మన వాకిటికి వచ్చితిని. పశ్చిమ గోదావరి జిల్లాలో ఇంటింటినుండి సైన్యమునకు పోవుటచే మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామము కలదు. మనది అట్టి ఊరు కాదు. అయినను ఈ చుట్టుపట్ల గ్రామములలో ముత్తాత పటాలములో చేరి బస్రా పోయెనని చెప్పుకొను ఇండ్లు లేకపోలేదు. అడిగినచో పేరు చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక బైండు పుస్తకమును గీతలు గీసి గ్రంథాలయమున ఉంచితిని. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలము, పోయిన సంవత్సరము, తిరిగి వచ్చెనా లేదా, లేనిచో ఎచ్చట మరణించెను అను గడులు అందున్నవి. తెలియని గడిలో సున్న చుట్టవలదు, ఖాళీగా విడువుడు. మరియొక బంధువు వచ్చి నింపవచ్చును.

ఒక్కటి మాత్రము ముఖ్యముగా మనవి చేయుచున్నాను. ఆ యుద్ధమున పనిచేసిన సిపాయిలకు వెండి పతకము నిచ్చిరి. కూలిదండులవారికి కంచు పతకము. ఒకవైపు రాజు శిరస్సు, రెండవవైపు గుర్రముపై నెక్కిన మనిషి యుండును. వెండికై వానిని కరగించినవారు అనేకులు. ఎవరి పెట్టెలోనైనను అట్టిది మిగిలియున్నచో దాని అంచును తిప్పి చూడుడు. గోడమీద చెక్కని పేరు ఆ అంచుమీద, సంఖ్యతోను పటాలముతోను, చిన్న అక్షరములతో చెక్కబడియుండును. అరిగిపోయినను చదువుటకు వీలగునని నా భూతద్దమును కూడ లైబ్రేరియనుగారి బల్లసొరుగులో ఉంచితిని.