కలం మీద ఒట్టు

మా మతానికీ కళకీ పొత్తు కుదరదని బయటివాళ్లు అంటారు. బొమ్మ హరామ్, పాట హరామ్ అంటూ మాలోని కొందరు మౌల్వీలు ఆ మాటకే వంత పాడతారు. ఇద్దరూ ఖురాన్‌లో మొదట అవతరించిన మాటల్ని పక్కన పెట్టినవాళ్లే. 610లో హిరా గుహలో ప్రవక్తకి అందిన మొదటి ఆదేశం చదవమని. ఆ వెంటనే కలం ప్రస్తావన: మనిషికి తెలియనిది అల్లా కలంతో నేర్పాడని. 68వ సూరా పేరే కలం. కలం మీద ప్రమాణంతోనే అది మొదలవుతుంది. చదవడం, రాయడం రాని ప్రవక్తకి ఈ మాటలు రావడం మమ్మల్ని ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

అందుకే అందంగా అక్షరం దిద్దే మా ఖత్తాత్‌లకి రాత ఇబాదత్. వుజూ చేసుకుని ఖురాన్ రాయడానికి కూర్చునేవారు. సంతకంలో తమని ఫకీరనీ, పాపి అనీ రాసుకునేవారు. తుర్కీ ఖత్తాత్‌లు రెల్లు కలం చెక్కగా రాలిన పొట్టుని దాచుకునేవారట, చచ్చాక తమ ఆఖరి స్నానానికి నీళ్లు దానితో కాచాలని. బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా అక్షరాన్ని చుక్కల కొలతలో పెట్టినవాడు. రాజకీయ కక్షలో ఆయన కుడిచెయ్యి నరికారు. మొండిచేతికి కలం కట్టుకుని రాశాడంటారు. 940లో జైల్లోనే పోయాడు.

ఆ విద్య ఇరాన్ మీదుగా గోల్కొండకీ వచ్చింది. కుతుబ్‌షాహీ గుంబజుల్లోని నల్లరాతి సమాధుల మీద చూడొచ్చు. స్కూల్లో మాకు చార్మినార్ కట్టింది 1591లో అని బట్టీ పట్టించారు. ఈ రాతల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ సుల్తానుల ఫర్మానాలు కొన్నింట్లో పైన ఫారసీ, కింద తెలుగు. రెండు లిపుల మధ్య బతికే మాలాంటివాళ్లకి ఆ కాగితమే పుట్టుపత్రం.

ఆ ఖత్తాత్‌ల వారసులే ఉర్దూ పత్రికల కాతిబ్‌లు. మేం గీకి పడేసిన వార్త వాళ్ల చేతిలో నస్తాలీఖ్ అయ్యేది. యాజమాన్యాలకి మాత్రం వాళ్లు ప్రెస్సు కూలీలే. 1981లో పాకిస్తాన్‌లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ లిపి పుట్టింది. 90ల్లో కంప్యూటర్లు హైదరాబాద్ ఉర్దూ పత్రికల్లోకీ వచ్చాయి. కాతిబ్‌లు ఒక్కొక్కరే ఇంటికి పోయారు, కొందరు ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు రాసుకున్నారు. ఆ కంప్యూటర్ లిపిలోని వేల అక్షరాల గుత్తులు మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ చేత్తో రాసినవే.