అదుపు తప్పడం వేరు, బోల్తా కొట్టడం వేరు

తెలుగు పత్రికల్లో రోడ్డు ప్రమాదాల వార్తలకు స్థిరపడిపోయిన మాట ఒకటి ఉంది: "అదుపు తప్పి బోల్తా". లారీ అయినా, ఆటో అయినా, జీపు అయినా ఇదే వాక్యం. ఈ రెండు మాటలూ ఎంతగా అతుక్కుపోయాయంటే, మొదటిది జరిగితే రెండోది జరిగి తీరుతుందని అనిపిస్తుంది. నిజానికి ఇవి రెండు వేర్వేరు ఘటనలు. అదుపు తప్పడం చాలావరకు డ్రైవరుకూ రోడ్డుకూ సంబంధించిన సంగతి. అదుపు తప్పిన బండి జారి ఆగుతుందా, పక్కకు ఒరిగి దొర్లుతుందా అన్నది మాత్రం బండి కొలతలను బట్టి ఉంటుంది. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండిని గట్టు దించే రైతు ఎడ్ల నేర్పును మాత్రమే నమ్ముకోడు. లోడు ఎంత ఎత్తు ఉందో, నేల ఎటు వాలి ఉందో చూస్తాడు. ఈ ఇంగితాన్ని చిన్న జీపుల విషయంలో మనం మరిచిపోయాం. పాత మారుతీ జిప్సీ కొని, ఎత్తు లేపి, పెద్ద టైర్లు వేసి కొండలెక్కించాలనే సరదా ఇప్పుడు బాగా పెరిగింది. ఆ బండి చరిత్ర చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది: దాన్ని తయారుచేసినవాళ్లు ఏళ్ల తరబడి శ్రమించి సంపాదించిన స్థిరత్వాన్ని మెకానిక్ షెడ్డులో ఒక్క పూటలో పోగొట్టుకుంటున్నాం.

ఈ మాటను ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం నుంచి మొదలుపెడతాను, దానికి కారణం ఉంది. గాజియాబాద్ జిల్లాలో అపార్టుమెంట్లతో నిండిన ఈ పేట ఒక అంచున 9వ నంబరు జాతీయ రహదారి, దానితోపాటే ఢిల్లీ–మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే సాగుతాయి. 2018లో యూపీ గేట్ దాకా, 2021లో మీరట్ దాకా ఆ రోడ్డు తెరుచుకున్నాక ఇక్కడివాళ్లకు ఉత్తరాఖండ్ కొండలు వారాంతపు ప్రయాణంగా మారాయి. జిప్సీ పుట్టిన గుర్‌గావ్ మారుతీ ఫ్యాక్టరీ ఇదే రాజధాని ప్రాంతంలో ఉంది. పాత విడిభాగాలకు ఢిల్లీలోని మాయాపురి, కొత్తవాటికి కశ్మీరీ గేట్ మార్కెట్లు అందుబాటులో ఉన్నాయి. పైగా 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న ఆదేశాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ తర్వాత కూడా ఈ విషయం కోర్టు ముందుకు వస్తూనే ఉంది కాబట్టి కొనే రోజున అమల్లో ఉన్న నియమమే లెక్క. గడువు దగ్గరపడిన బండి సహజంగానే చవకవుతుంది. చవకగా వచ్చింది కదా, మిగిలిన డబ్బు మార్పులకు పెడదామనే ఆలోచన అక్కడే మొదలవుతుంది. ఎన్‌వోసీ తీసుకుని మన వైపు తెచ్చుకుందామనుకునే తెలుగువాళ్ల ఆలోచన కూడా ఇదే.

ఈ బండి ఇరుకుతనం ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడాలి. జపాన్‌లో హోప్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన బుల్లి జీపు హక్కులు కొని, దాన్ని మెరుగుపరిచి సుజుకీ 1970లో ఎల్‌జే10 పేరుతో అమ్మకానికి పెట్టింది. అందులోది 359 సీసీ ఇంజిన్. బండి వెడల్పు 1.3 మీటర్లకు లోపే. ఆ కొలత ఇంజనీర్లు స్థిరత్వం కోసం ఎంచుకున్నది కాదు. పన్ను రాయితీ పొందే చిన్న బండ్లకు అప్పటి జపాన్ చట్టం పెట్టిన హద్దు అది. ఇరుకు సందులకు, అడవి దారులకు, పొలాలకు అది చక్కగా సరిపోయింది. అక్కడ వేగం తక్కువ, బరువు తక్కువ. తర్వాత చట్టం హద్దు 1.4 మీటర్లకు పెరిగింది, 1981లో ఎస్‌జే తరం వచ్చింది. అదే శరీరానికి పెద్ద ఇంజిన్ పెట్టి సుజుకీ దేశదేశాలకు పంపింది. 970 సీసీ ఇంజిన్‌తో 1985 డిసెంబరులో అది మారుతీ జిప్సీగా మన దేశానికి వచ్చింది. మనకోసం ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని పొడవు మోడల్‌కు తగ్గట్టు 2,375 మిల్లీమీటర్లు ఉంచారు. వెడల్పు మాత్రం పెద్దగా మారలేదు. అంటే సందుల కోసం పుట్టిన బండి ఇంజిన్ బలం పెరిగి హైవే ఎక్కింది. చిక్కంతా ఆ ప్రయాణంలోనే ఉంది.

ఆ చిక్కు ముందుగా బయటపడింది అమెరికాలో. 1980 డిసెంబరులో సీబీఎస్ టీవీ వారి '60 మినిట్స్' కార్యక్రమం అలాంటి చిన్న బండే అయిన జీప్ సీజే-5 మలుపుల్లో బోల్తా కొట్టడాన్ని ఇంటింటికీ చూపించింది. మన దగ్గర జిప్సీ విడుదలైన రోజుల్లోనే సుజుకీ అదే కుటుంబానికి చెందిన బండిని సమురాయ్ పేరుతో అక్కడ అమ్మడం మొదలుపెట్టింది. 1988 జూన్‌లో 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రిక దాన్ని పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. ముందు అడ్డం వచ్చినదాన్ని తప్పించుకోవడానికి స్టీరింగ్ ఒక వైపు తిప్పి వెంటనే రెండో వైపు తిప్పితే బండి రెండు చక్రాల మీద లేచింది. ఆ బండి అంగీకారయోగ్యం కాదని పత్రిక తేల్చింది. రోడ్డు మీద కుక్కో, ఆగిన లారీయో హఠాత్తుగా ఎదురైతే ఏ డ్రైవరైనా చేసే పనే అది. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ అవసరం గంటకోసారైనా రావచ్చు.

ఇక్కడ సుజుకీ అభిమానులు చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. ఆ పరీక్షను కావాలనే బండి లేచేలా రూపొందించారని సుజుకీ 1996లో దావా వేసింది, 2004లో డబ్బు చేతులు మారకుండానే రాజీ కుదిరింది. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ కూడా సమురాయ్‌ని వెనక్కి పిలవాలన్న వినతిని 1988లోనే తోసిపుచ్చింది. అయితే ఆ సంస్థ ఇచ్చిన కారణాన్ని జాగ్రత్తగా చదవాలి. సమురాయ్ బోల్తా ప్రమాదాలు ఆ తరగతి బండ్ల పరిధిలోనే ఉన్నాయన్నది దాని సారం. తోటి బండ్ల కంటే ఎక్కువ ప్రమాదకరం కాదనడం వేరు, సురక్షితం అనడం వేరు. తరగతి మొత్తానికే జబ్బు ఉంటే ఒక్క రోగికి ఫరవాలేదని చెప్పినంత మాత్రాన ప్రయోజనం లేదు. ఆ సంగతి ఆ సంస్థకూ తర్వాత తెలిసొచ్చింది. ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా కొట్టిన ఉదంతం తర్వాత 2001లో బండ్లకు బోల్తా రేటింగులు ప్రకటించడం మొదలైంది. దానికి ఆధారంగా తీసుకున్న సూత్రం బడి పిల్లవాడు కూడా లెక్కగట్టగలిగింది: ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పును గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. 1.45 వస్తే ఐదు నక్షత్రాలు, 1.03 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఒక్కటే. 2010లో అమెరికాలో ప్రయాణికుల బండ్లకు జరిగిన ప్రమాదాల్లో బోల్తాలు నూటికి రెండు మాత్రమే. చనిపోయినవారిలో మాత్రం దాదాపు 35 శాతం వాటిలోనే పోయారు.

ఈ సూత్రంతో జిప్సీని కొలిస్తే దాని చరిత్ర కొత్తగా కనిపిస్తుంది. మొదటి జిప్సీ చక్రాల మధ్య వెడల్పు ముందు 1,210, వెనుక 1,220 మిల్లీమీటర్లు. 1993లో మారుతీ దాన్ని 90 మిల్లీమీటర్లు పెంచి 1,300, 1,310 చేసింది. ఆ తర్వాతి జిప్సీ కింగ్ కూడా ఈ కొలతతోనే నడిచింది. 90 మిల్లీమీటర్లంటే నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే వచ్చేదానికి కాస్త ఎక్కువ. అది రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. లెక్క కోసం గురుత్వ కేంద్రం నేలకు 620 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. పాత వెడల్పుతో 0.98 వస్తుంది, కొత్త వెడల్పుతో 1.05. ఇప్పుడు గురుత్వ కేంద్రాన్ని 46 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలకు కాస్త తక్కువ పైకి లేపండి. లెక్క తిరిగి 0.98 దగ్గరికి వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పాఠం చెరిగిపోవడానికి రెండంగుళాలు కూడా అక్కర్లేదు. పైగా 1988లో రెండు చక్రాల మీద లేచిన సమురాయ్ వెడల్పు కూడా 1,300, 1,310 మిల్లీమీటర్లే. కాబట్టి వెడల్పు పెంచిన జిప్సీ దగ్గర కూడా ఖర్చు పెట్టుకోవడానికి మిగులేమీ లేదు.

మార్పుల పేరుతో షెడ్డుల్లో జరిగేది ఈ లెక్కకు సరిగ్గా ఎదురు. జిప్సీలో కమాను పట్టీలు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు మీదికి మార్చి బిగిస్తే బండి దాదాపు ఐదంగుళాలు లేస్తుంది. పెద్ద టైర్లు వేస్తే ఇరుసులతో సహా మొత్తం బండి పైకి వెళ్తుంది. పైన ఇనుప క్యారియరు, దాని మీద మరో టైరు, నీళ్ల డబ్బా పెడితే అత్యంత బరువు అత్యంత ఎత్తుకు చేరుతుంది. కార్బెట్ అడవిలో పర్యాటకులను తిప్పే జిప్సీల వెనుక సీట్లు జంతువులు కనబడాలని ఎత్తుగా బిగించి ఉంటాయి. అక్కడ బండి మట్టిదారిలో నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఆ ఎత్తు చెల్లుతుంది. అదే అమరిక హైవే ఎక్కితే చెల్లదు. చట్టం కూడా ఇదే వైపు ఉంది. తయారీదారు నమోదు చేసిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ ఒక్కో అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అంటోంది.

సైన్యం దశాబ్దాలపాటు జిప్సీనే నడిపింది, 1999లో మొదలైన రెయిడ్ ద హిమాలయ వంటి ర్యాలీల్లో అదే పరుగులు తీసింది, మరి మాకేం భయం అనేవారున్నారు. ఆ రెండు ఉదాహరణలూ నిజానికి నా వాదననే బలపరుస్తాయి. సైన్యంలో శిక్షణ పొందిన డ్రైవరుంటాడు, వేగానికి హద్దు ఉంటుంది, బండి కొలతలను ఎవరూ సరదాకు మార్చరు. ర్యాలీ బండిలో రోల్ కేజ్ అనే ఇనుప చట్రం, ఐదారు చోట్ల కట్టి ఉంచే బెల్టులు, తలకు హెల్మెట్ తప్పనిసరి. అంటే బండి పల్టీ కొడుతుందని ముందే ఒప్పుకుని, కొట్టినా మనిషి బతకాలని ఏర్పాటు చేసుకుంటారు. ఇంటి జిప్సీలో గుడ్డ కప్పు, వెనుక ఎదురెదురు బెంచీలు ఉంటాయి. వాటి మీద పిల్లలు బెల్టుల్లేకుండా కూర్చుంటారు. ర్యాలీవాళ్ల ధైర్యాన్ని మాత్రం తీసుకుని వాళ్ల జాగ్రత్తను వదిలేస్తే అది ధైర్యం కాదు.

బోల్తాల్లో చాలావరకు చక్రం ఏదో ఒకదానికి తట్టుకోవడం వల్లే జరుగుతాయి, ఎత్తు వల్ల కాదు కదా అనేది మరో ప్రశ్న. తట్టుకోవడం నిజమే, అమెరికా లెక్కల్లో ఒంటరి బండి బోల్తాల్లో నూటికి 95 అలాంటివే. రోడ్డు మధ్య డివైడరు, అంచున మెత్తటి మట్టి, సిమెంటు గట్టు ఆ పని చేస్తాయి. కానీ తట్టుకున్న మనిషి పడతాడా, తమాయించుకుంటాడా అన్నది అతని నిలకడను బట్టి ఉన్నట్టే, తట్టుకున్న బండి దొర్లడం కూడా దాని ఎత్తును బట్టే ఉంటుంది. బరువు ఎంత పైన ఉంటే దాన్ని దొర్లించడానికి అంత తక్కువ దెబ్బ చాలు. ఇక నేలకు ఎత్తు లేకపోతే రాళ్ల దారి ఎలా ఎక్కుతుందన్న ప్రశ్నకు జిప్సీయే జవాబు. దానికి పుట్టుకతోనే 210 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది, నాలుగు చక్రాలకు బలమిచ్చే తక్కువ గేరు ఉంది, బరువు వెయ్యి కిలోల దరిదాపుల్లోనే. రాతిబాటలో టైర్ల గాలి కొంత తగ్గించి, దిగి దారి చూసుకుని, నెమ్మదిగా ఎక్కించడమే అసలైన నైపుణ్యం. ఎత్తు ఆ నైపుణ్యానికి బదులు కాదు.

తయారీదారులు ఈ పాఠాన్ని చివరిదాకా చదివారు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేకుండానే బతికిన జిప్సీకి కొత్త భద్రతా నియమాల ముందు 2019లో మామూలు కొనుగోలుదారుల మార్కెట్ మూసుకుపోయింది. అదే గుర్‌గావ్ నుంచి 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులతో పాటు, బండి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి నిలబెట్టే ఏర్పాటు అన్ని రకాల్లోనూ ఉంది. పాత జిప్సీకి ఆ చెయ్యి అందదు. దాన్ని నిలబెట్టేవి దాని వెడల్పు, దాని తక్కువ ఎత్తు, మన తక్కువ వేగం మాత్రమే.

కాబట్టి ఇందిరాపురంలోనైనా, హైదరాబాదులోనైనా పాత జిప్సీ కొనబోయేవారు అద్దాల మెరుపు, ఇంజిన్ చప్పుడు చూసే ముందు ఒక టేపు తీసుకెళ్లండి. సమతలం మీద నిలిపి, ఎడమ టైరు మధ్య నుంచి కుడి టైరు మధ్యకు కొలవండి. 1,300 ఉంటే వెడల్పు పెంచిన రకం, 1,210 ఉంటే పాతది. కింద పడుకుని చూడండి: కమాను పట్టీలు ఇరుసు కిందే ఉన్నాయా, ఎవరైనా పైకి మార్చారా; వాటి కొసలను షాకిళ్లతో బిగించినచోట చాసీ తుప్పు పట్టి పొరలు లేస్తోందా; స్టీరింగ్ కదిపితే చక్రం కదలకుండా ఎంత దూరం ఊగుతోంది. ఆర్సీలో రాసినదానికీ కళ్లముందున్నదానికీ తేడా ఉంటే ఆ బండి వదిలేయండి. లిఫ్ట్ కిట్‌కు దాచుకున్న డబ్బుతో తుప్పు పోగొట్టండి, కొత్త బ్రేకులు, కంపెనీ కొలత టైర్లు వేయించండి. ప్రతి సీటుకూ బెల్టు, తల మీద గట్టి రోల్ బార్ కావాలంటే ఆర్టీవో దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని పెట్టించండి. పైన క్యారియరు కట్టకండి, బరువంతా కిందే సర్దండి. వెనుక కూర్చున్న పిల్లలకు బెల్టు పెట్టాకే తాళం తిప్పండి.