మొజంజాహీ మార్కెట్టు పూర్వోత్తరములు

1908 సెప్టెంబరు మాసాంతమున మూసీనది ఉప్పొంగి, హైదరాబాదున వేలకొలది ప్రాణములను బలిగొని, ఒడ్డుననున్న పేటలను నేలమట్టము గావింపకుండినచో, నాంపల్లి, ఆబిడ్సు, బేగంబజారు, జాంబాగుల నుండి వచ్చు బాటలు కలిసికొను కూడలిలో నేడు మనము చూచుచున్న మొజంజాహీ మార్కెట్టు బహుశః పుట్టియే యుండదు. ఆ ఉపద్రవము పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించుటయు, ఆయన సూచనల ననుసరించి ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరులు వెలయుటయు అందఱెఱిగినదే. వరద యొకటియే కాదు, గాలి వెలుతురు చొరని ఇఱుకు సందులలో ప్లేగు మహమ్మారియు నగరమును పీడించుచుండెను. కావున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున, 1912లో, ఆరాయిష్-ఎ-బల్దా యను నగరాభివృద్ధి మండలి యేర్పడి, సందులను విప్పి, వీథులను విశాలము చేసి, చార్మినారు బాటలో పత్తర్‌గట్టీ దుకాణముల వరుసను నిలిపినది. ఆ కృషిపరంపరలోనిదే 1935లో పూర్తియైన ఈ అంగడి.

మండలికి అధ్యక్షుడుగా నుండిన నిజాము ద్వితీయ కుమారుడు మొజంజా పేరు దీనికి పెట్టిరి. ఈ రాజకుమారుడు పాలనాదక్షుడుగా కంటె, 'షజీ' యను కలము పేరుతో ఉర్దూ కవిత్వము చెప్పినవాడుగాను, తెల్లవాఱు వరకు సాగు రాత్రి దర్బారులకు పోషకుడుగాను ప్రసిద్ధుడు. అట్టివాని పేరు, వేకువనే కన్ను తెఱవవలసిన పండ్ల బజారునకు, అందునను గడియారపు బురుజు గల బజారునకు, దక్కుట తలచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును.

దక్కను గ్రానైటుతో కట్టిన ఈ భవనము, కూడలి మొగమున బురుజును నిలిపి, దాని కిరుప్రక్కల రెండు బాటల వెంబడి రెక్కలు చాచి, నడుమ విశాలమైన ప్రాంగణమును దాచుకొన్నది. మందపు గోడలు, ఎత్తైన కప్పులు, కమానుల వెనుక నీడలు ఎండను లోనికి రానీయవు గనుక, రెండు దినములలో మురిగిపోవు సరకునకు ఇంతకంటె తగిన నెలవు ఆ కాలమున దొరకుట దుర్లభము. పండ్లతోబాటు తమలపాకులు, పొగాకు, మాంసము, అత్తరులు అమ్ముడుపోయెడివి. పండ్ల రాశుల చెంతనే ఐస్‌క్రీము దుకాణములు వెలయుటలో వింత లేదు. సీతాఫలపు ఐస్‌క్రీము కొఱకు నగరము నలుమూలలనుండి కుటుంబములు వచ్చి రాత్రి ప్రొద్దుపోవునంతవరకు ఇచట కూర్చుండుట పరిపాటియైనది. దేశవిభజన పిమ్మట సింధు విడిచి వచ్చినవారు 1953లో స్థాపించిన కరాచీ బేకరీయు దీనికి సమీపముననే వెలసినది.

నగరము పెరిగి, లారీలు ఈ కూడలిలో ఇమడకపోగా, 1980ల దశకమున టోకు పండ్ల వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలిపోయెను. ఏ వస్తువు కొఱకు భవనము కట్టబడినదో ఆ వస్తువే లేచిపోయిన వెనుక, మిగిలిన దుకాణదారులు తోచినట్లు రేకుల పందిళ్లు దింపుకొనిరి. రాతిపై రంగులు, రంగులపై పలకలు, పలకలపై విద్యుత్తు తీగెలు పేరుకొన్నవి. కప్పులు కారి, పగుళ్లలో మొక్కలు మొలిచినవి. సున్నపు కట్టుబడిపై సిమెంటు పూత లోపలి తేమను వెలుపలికి పోనీయదు గనుక, మరమ్మతులనబడిన వానిలో కొన్ని వ్యాధికంటె అధికముగా బాధించినవి.

2018లో రాష్ట్ర పురపాలక శాఖ పూనికతో మొదలై 2020 ఆగస్టులో ముగిసిన పునరుద్ధరణము, నా యెఱుకలో, క్రొత్తగా చేర్చిన దానికంటె తొలగించిన దానివలననే శ్లాఘ్యము. కాంక్రీటు అతుకులను, రేకులను, రంగుల పొరలను తీసివైచి, రాళ్ల నడిమి సందులను మరల సున్నముతో నింపి, కప్పులు బాగుచేసి, ఆగిపోయిన గడియారమును నడిపించిరి. కూలద్రోసి అంతస్తులపై అంతస్తులు లేపుట వ్యాపారవేత్తలకు సహజముగా తోచెడి మార్గమైయుండగా, దానిని త్రొక్కకుండుట సామాన్యవిషయము కాదు.

ఇపుడు ప్రాంగణమున సాంస్కృతిక ప్రదర్శనలు జరుగుచున్నవి. వినాయక నిమజ్జనమునాడు నలుదిక్కుల ఊరేగింపులు ఈ బురుజు ముందే కలిసి హుసేన్ సాగరునకు సాగును. ప్రదర్శనలయెడ నాకు విముఖత లేదు. అయినను, బుట్ట దించి బేరమాడు పండ్లవర్తకునకు ఈ కమానుల క్రింద మరల కొన్ని గదులైన కేటాయించి యుండవలసినదని నా అభిప్రాయము. ఐస్‌క్రీము దుకాణములవారు తమకు వలయు సీతాఫలములను నేడు దూరపు మార్కెట్లనుండి తెప్పించుకొనవలసివచ్చుచున్నది.