నెల్లూరు తీరసీమ నాటకములు – నేపథ్య సేవ

సంస్కృత నాటకశాస్త్రమున వేషధారణము జరుగు స్థలమునకు నేపథ్యమని పేరు. ప్రేక్షకులకు కనబడునది రంగము. దానిని నడపునది నేపథ్యము. మన నాటకచరిత్రలు వ్రాసిన పెద్దలు కవులను, నటులను వేనోళ్ల కొనియాడిరి. తెర లాగినవారిని, దీపము పట్టినవారిని, పద్యము మరచిన నటునికి మాట అందించినవారిని పేర్కొనుట మాత్రము అరుదు. నెల్లూరు తీరసీమ పల్లెలలో నాటకము వేళ్లూనినది వీరి శ్రమవలన గావున, వీరి పక్షమునుండి ఆ చరిత్రను పరిశీలించుట ఉచితము.

ఈ సీమకు నాటకము ఇంగ్లీషు చదువులతో వచ్చిన క్రొత్త వస్తువు కాదు. తోలుబొమ్మలాటకు నెల్లూరు మండలము పేరెన్నికగన్నది. ఆ ఆటలో కళాకారులందరును తెర వెనుకనే యుందురు. లోపల దీపము వెలుగుచుండ, ఆడించువాడు రెండు చేతులతో బొమ్మలను నడపుచు, వాని సంభాషణలు తానే పలుకుచు, కాలిక్రింది బల్లచెక్కను తొక్కి యుద్ధధ్వనులు పుట్టించును. స్త్రీ పాత్రలకు ఆ కుటుంబపు స్త్రీలే గొంతు నిత్తురు. స్త్రీలు రంగమెక్కుట తప్పని యెంచిన దినములలో సైతము ఈ ఆటలో స్త్రీకంఠము వినబడుచునే యుండెను. మనిషి మాత్రము కనబడలేదు.

వీధిభాగవతములలో తెర యనగా ఒక వస్త్రము. ఇద్దరు దానిని చెరియొక కొస పట్టి నిలువ, దాని చాటున పాత్ర ప్రవేశించును. ఆ వస్త్రము తెచ్చియిచ్చుట, కాగడాకు నూనె పోయుచు తెల్లవార్లు పట్టుకొని నిలుచుట పెక్కు గ్రామములలో చాకలివారి వంతు. కిరీటములను, భుజకీర్తులను తేలికయైన పొణికికొయ్యతో చెక్కి, రంగు లద్ది, అద్దపు బిళ్లలు తాపెడివారు. ముఖమునకు అర్దళము, కన్నులకు కాటుక, మీసమునకు మసి; ఇంతే అలంకారసామగ్రి.

1880లో ధార్వాడ నాటక సమాజము రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చిన పిదప తెలుగునాట నూతన పద్ధతి నాటకములు ప్రబలెను. నెల్లూరున 1899లో ఆంధ్ర భాషాభిమాని సమాజము వెలసెను. దానికి మార్గదర్శకులు వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929). వీరు మదరాసు క్రిస్టియన్ కళాశాలలో సంస్కృత పండితులు. 1891లో నాగానందమును తెనిగించి, 1897లో ప్రతాపరుద్రీయమును రచించిరి. పాత్రోచితభాష వీరి సిద్ధాంతము. ప్రతాపరుద్రీయమున రాజును మంత్రియు గ్రాంథికము పలుకగా, చాకలి పేరిగాడు తన యింటి మాటనే మాటాడును. పండితులలో కొందరు దీని నాక్షేపించిరి. ఈ నియమమువలన నేపథ్యమునకు క్రొత్త బాధ్యత కలిగెను. పద్యము రాగయుక్తముగ చదువ నేర్చిన నటుడు పామరుని పలుకును, దాని కాకువుతో సహా, అభ్యసింపవలసివచ్చెను. రంగముపై చాకలివాని పలుకు ఈ విధముగ గౌరవము పొందెను. రంగము ప్రక్కన కాగడా పట్టిన చాకలివానికి మాత్రము కరపత్రములో చోటు దొరకలేదు.

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు ప్రాంతములలో నాటకము వేయుట ప్రకృతితో పెనగులాట. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు, తుపానులు ఈ తీరమును బాధించును. కావున పంటలు ఇంటికి చేరిన తరువాత, శివరాత్రి మొదలు వేసవి వరకు నాటకములకు అదను. పందిలికి గుంజలు సరుగుడు తోటలనుండియు, కప్పు తాటాకులనుండియు లభించెడివి. అయితే వేసవిరాత్రుల సముద్రపుగాలి తెరను తెరచాపవలె ఉబ్బించును. అందుచేత తెర అడుగున బరువైన వెదురుబొంగు కట్టి, రెండు కొసలను మనుష్యులు పట్టుకొనవలసివచ్చెడిది. గాలి హెచ్చినపుడు ఆ తెర జారకుండ నిలుపుట సామాన్యమైన పని కాదు.

అద్దెకు తెచ్చిన చిత్రపు తెరలలో రాజసభ, వీథి, ఉద్యానము, అడవి ముఖ్యమైనవి. వీని అమరికలో ఒక యుక్తి కలదు. ముందరి వీథి తెరకు ఇవతల ఇద్దరు పాత్రలు చిన్న ఘట్టము నడపుచుండగా, వెనుక సింహాసనము, స్తంభములు చప్పుడు కాకుండ అమర్చెడివారు. అమరిక పూర్తియైనదని ఈల వినబడువరకు ముందున్నవారు పద్యమును సాగదీయవలెను. హార్మోనియము వాయించువాడు ఈ రహస్యమెరిగి, మరియొక ఆవృత్తము పొడిగించి కాపాడెడివాడు. ఆ ఆలస్యమును గానముగా భావించి సభ చప్పట్లు చరచిన సందర్భములును కలవు.

కాగడాల తరువాత పెట్రోమాక్సు దీపములు వచ్చెను. వానికి నడుమ నడుమ గాలి కొట్టుచుండవలెను. మాంటిలు రాలినచో క్రొత్తది కట్టవలెను. హరిశ్చంద్రలో కాటిసీనుకు చీకటి కావలసినపుడు దీపమునకు డబ్బా అడ్డము పెట్టెడివారు. ప్రక్కతెర చాటున వ్రాతప్రతితో కూర్చుండి మాట అందించువాడు అందరి పాత్రలను ఎరిగినవాడు. నాటకమంతయు కంఠస్థమైన ఆ ఒక్కడు ఏ వేషమును కట్టడు.

స్త్రీపాత్రలను పురుషులే ధరించిన కాలమున చీర కట్టించుట, సవరము పెట్టుట, నగలు సమకూర్చుట గొప్ప విద్య. బాపట్లవారైన స్థానం నరసింహారావుగారు (1902–1971) ఈ విద్యను పరాకాష్ఠకు తెచ్చి 1956లో పద్మశ్రీ పొందిరి. పల్లెలలో ఆ చీరలును, ఆ నగలును గృహిణులవి. ప్రదర్శనము చూడ వచ్చిన యిల్లాలు తన పట్టుచీరను సత్యభామపై చూచుకొనుచు, మరకపడునేమో యని తెల్లవార్లు బెంగపడెడిది.

స్వాతంత్ర్యానంతరము సాంఘిక నాటకము ముందునకు వచ్చెను. సూళ్లూరుపేట సమీపమున, నేడు తిరుపతి జిల్లాలో చేరిన మంగళంపాడున జన్మించిన ఆచార్య ఆత్రేయ (1921–1989) ఎన్.జి.ఓ. నాటకమున చిరుద్యోగి సంసారమును చిత్రించిరి. ఇట్టి నాటకమునకు రాజసభ తెర అక్కరలేదు. కుక్కిమంచము, పాతకుర్చీ, చిల్లుల గొడుగు చాలును. ఖర్చు తగ్గెను, శ్రద్ధ హెచ్చవలసివచ్చెను. పౌరాణికమున కిరీటము వంకరయైనను సభ మన్నించును. తమ యింటివంటి యింటిలో చెంబు తప్పుచోట నున్నచో ప్రతివాడును గుర్తించును. విద్యుత్తు, మైకు వచ్చిన పిదప నటులు మైకు క్రిందనే గుమిగూడుట మొదలయ్యెను. మైకు నడపువాడు క్రొత్త నేపథ్య సేవకుడయ్యెను.

ఈ కళకును గ్రంథాలయములకును సన్నిహిత బంధుత్వము కలదు. పొట్లపూడిలో పొణకా కనకమ్మగారు (1892–1963) సుజనరంజనీ సమాజమును, గ్రంథాలయమును నెలకొల్పి గ్రామజీవనమును మేల్కొల్పిరి. ఆంధ్రదేశమున పెక్కు పల్లెలలో నాటకపు టిక్కెట్ల రాబడి పుస్తకములుగా మారెను; ఆ పుస్తకములలోని నాటకములు మరల రంగమెక్కెను. పగలు పఠనమందిరమైన గదియే రాత్రి అభ్యాసశాల.

చలనచిత్రములు, దూరదర్శనము వచ్చిన పిదప ఈ ప్రదర్శనములు క్షీణించెను. తెరలు చినిగిపోయెను, కిరీటములు చెదలపాలయ్యెను. పాత కరపత్రములలో కవి పేరు, నటుల పేర్లు మాత్రమే దొరకును. నేపథ్య సేవకుల పేర్లు వెదకవలసినది జమాఖర్చు చిట్టాలలో. కిరసనాయిలు తెచ్చినవానికింత, తెర లాగినవానికింత, బండి తోలినవానికింత యని వ్రాసిన పద్దులలో ఆ పేర్లు కలవు. అట్టి చిట్టాలు, మాట అందించువారి వ్రాతప్రతులు ఇంకను కొన్ని యిండ్ల అటకలపై నుండవచ్చును. వానిని చిత్తుకాగితములకు అమ్మకముందే తెచ్చి, గ్రంథాలయపు బీరువాలలో కవుల గ్రంథముల సరసన నిలుపుట ఈ రజతోత్సవ వేళ చేయదగిన పని. కాగడా పట్టినవారి మనుమలు నేడు అదే గ్రంథాలయమున చదువుకొనుచున్నారు. తాతల పేర్లను అచ్చట చదువుకొను హక్కు వారికి కలదు.